ఉద్ది

పాఠ్యభాగ పరిచయం

గోల్ఫ్ స్వభావరీత్యా ఒంటరి ఆట. ఆ ఆటలో ఒక్కొక్క దేశం నుండి ఇద్దరు వృత్తి క్రీడాకారులు జోడీగా ఆడే పోటీయే ప్రపంచ కప్ గోల్ఫ్. ఒంటరిగా ఆడడానికి అలవాటుపడిన క్రీడాకారుడు మరొకరితో కలిసి ఆడవలసి వచ్చినప్పుడు అతనికి కావలసిన గుణాలేమిటో ప్రస్తుత పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యభాగం

తెలుగులో ‘ఉద్ది’ అనే చక్కని మాట ఉంది. ఆటలో జతగాడిని ఉద్ది అంటారు. సమానుడు అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. జతగాడు సమానుడై ఉండాలన్న భావం ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

ఉద్ది విలువను తెలిపే వృత్తాంతం ఒకటి విజయనగరం పేరుతో ముడిపడి ఉంది. 1936లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండు పర్యటనకు వెళ్ళింది. విజయనగర రాజవంశీయులు, ‘విజ్జీ’గా ప్రసిద్ధులైన విజయానంద గజపతిరాజు ఆ జట్టుకు నాయకులు. ఆ పర్యటనలో జట్టు వర్గాలుగా చీలింది. ఒకరిపై ఒకరికి విశ్వాసం సన్నగిల్లింది. మాంచెస్టర్ టెస్టులో భారత్ 368 పరుగులు వెనుకబడి రెండవ ఇన్నింగ్స్ ప్రారంభించవలసి వచ్చింది. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ బ్యాటింగుకు దిగారు. మర్చంటును రనౌట్ చేయించమని నాయకుడే తనతో అన్నారని ముస్తాక్ అలీ తరువాతి కాలంలో వెల్లడించాడు. మైదానంలో అతడు చేసిన పని ఒక్కటే. ఆ మాటను దాచకుండా తన ఉద్దికి చెప్పివేశాడు. ఇద్దరూ నవ్వుకొని ఆట కొనసాగించారు. తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 పరుగులు చేశారు. భారత్ ఆ టెస్టులో ఓటమిని తప్పించుకుంది. జట్టంతటా కొరవడిన విశ్వాసం ఇద్దరి మధ్య నిలిచింది. ఆ ఇద్దరే జట్టును కాపాడారు.

క్రికెట్టులో ఇద్దరు జతగా నిలవడం సహజం. గోల్ఫ్ అటువంటిది కాదు. విశాలమైన పచ్చిక మైదానంలో 18 గుంటలు ఒకదాని తరువాత ఒకటి ఏర్పాటు చేసి ఉంటాయి. ప్రత్యేకమైన కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి, ఒక్కొక్క గుంటలోనూ పడవేయాలి. మొత్తం మీద తక్కువ దెబ్బలతో ఆట ముగించినవాడు విజేత. ప్రత్యర్థి బంతిని అడ్డుకోడు, లాక్కోడు. కాబట్టి గెలిచినా ఓడినా కారణం తానే. నింద మోపడానికి గాని, భారం పంచుకోవడానికి గాని పక్కన మరొకరు ఉండరు.

ఇటువంటి ఏకాకి ఆటకు ఉద్దిని జతచేసినవారు జాన్ జే హాప్కిన్స్ అనే అమెరికా పారిశ్రామికవేత్త. ఆయన జలాంతర్గాములు, విమానాలు నిర్మించే జనరల్ డైనమిక్స్ సంస్థకు అధిపతి. యుద్ధ సామగ్రి తయారుచేసే సంస్థను నడిపిన ఆ వ్యక్తి, దేశాల మధ్య స్నేహం ఆటల ద్వారా పెరగగలదని విశ్వసించారు. 1953లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో తొలి పోటీ జరిగింది. ఏడు దేశాల జోడీలు పాల్గొన్నాయి. అర్జెంటీనాకు చెందిన రాబర్టో డి విసెంజో, ఆంటోనియో సెర్దా విజేతలయ్యారు. మొదట ‘కెనడా కప్’ అని పిలువబడిన ఈ పోటీకి 1967లో ‘ప్రపంచ కప్’ అనే పేరు వచ్చింది.

ఆ రోజుల్లో పోటీ నియమం సరళంగా ఉండేది. ఇద్దరూ ఎవరి బంతిని వారు ఆడేవారు. ఇద్దరి దెబ్బలనూ కలిపి లెక్కించేవారు. ఒకడు ఎంత గొప్పగా ఆడినా రెండవవాడు తడబడితే జోడీ వెనుకబడేది. 2000 సంవత్సరం నుండి మరి రెండు పద్ధతులు ప్రవేశించాయి. ఒకటి ఫోర్‌బాల్. ఇందులో ఇద్దరూ చెరొక బంతి ఆడతారు. ఒక్కొక్క గుంట వద్ద ఇద్దరిలో ఎవరివి తక్కువ దెబ్బలో వాటినే లెక్కలోకి తీసుకుంటారు. ఒకడు తప్పు చేసినా రెండవవాడు సరిదిద్దవచ్చు. రెండవది ఫోర్సమ్స్. ఇందులో ఇద్దరికీ కలిపి ఒకే బంతి. ఒకరి తరువాత ఒకరు దానిని కొట్టాలి. ఒకడు బంతిని ఇసుకలో పడవేస్తే, అక్కడి నుండి తీయవలసినవాడు రెండవవాడు. ఉద్ది చేసిన పొరపాటును నిందించకుండా స్వీకరించి, దానిని దిద్దుకోవడమే ఈ ఆటలోని అసలు పరీక్ష. మొదటి పద్ధతిలో సామర్థ్యం బయటపడుతుంది. రెండవ పద్ధతిలో స్వభావం బయటపడుతుంది.

ఈ పోటీ చరిత్రలో 1957వ సంవత్సరం చిరస్మరణీయమైనది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పన్నెండేళ్ళు. పోటీకి జపాన్ ఆతిథ్యమిచ్చింది. కసుమిగసెకి మైదానంలో 30 దేశాల జోడీలు తలపడ్డాయి. అమెరికా తరఫున శామ్ స్నీడ్, జిమ్మీ డెమరెట్ అనే దిగ్గజాలు బరిలో నిలిచారు. జపాన్ తరఫున తొరాకిచి నకామురా, కోయిచి ఒనో ఆడారు. విదేశీ క్రీడాలోకానికి వారి పేర్లు పెద్దగా తెలియవు. నాలుగు రోజుల ఆట ముగిసేసరికి జపాన్ జోడీ 557 దెబ్బలతో ప్రథమ స్థానంలోను, అమెరికా జోడీ 566 దెబ్బలతో ద్వితీయ స్థానంలోను నిలిచాయి. ఓటమితో, పేదరికంతో కుంగిన జాతికి ఆ విజయం ఆత్మవిశ్వాసాన్ని ఇచ్చింది. ఆ తరువాత జపానులో గోల్ఫ్ ప్రజాదరణ పొందింది. ఈ సన్నివేశాన్ని చూసే భాగ్యం మాత్రం హాప్కిన్స్‌కు దక్కలేదు. అదే సంవత్సరం మే నెలలో ఆయన కన్నుమూశారు.

మరొక సన్నివేశం 2013 నాటిది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు తుపాను అంటే ఏమిటో వివరించనవసరం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. తరాల కష్టం ఒక్క రాత్రిలో పోయింది. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 నవంబరు 8న హైయాన్ అనే భీకర తుపాను ఫిలిప్పీన్స్ దేశాన్ని ముంచెత్తింది. ఆరు వేలమందికి పైగా మరణించారు. ఆస్ట్రేలియా గోల్ఫ్ క్రీడాకారుడు జేసన్ డే తల్లి ఫిలిప్పీన్స్ దేశీయురాలు. ఆ తుపానులో అతని బంధువులు ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. మరి రెండు వారాలలోపే మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ ప్రారంభం. డే పోటీ నుండి తప్పుకోలేదు. తల్లి చూస్తుండగా ఆడాడు.

అతని ఉద్ది ఆడమ్ స్కాట్. ఆ సంవత్సరం ఇద్దరి దెబ్బలనూ కలిపి లెక్కించే పాత పద్ధతినే తిరిగి పాటించారు. మొదటి రోజున స్కాట్ తడబడి 75 దెబ్బలు తీసుకున్నాడు. శోకంలో ఉన్న డే 68 దెబ్బలతో జోడీని నిలబెట్టాడు. చివరి రోజున డే 70 దెబ్బలు తీసుకోగా, స్కాట్ 66 దెబ్బలతో ఆ బాకీ తీర్చుకున్నాడు. ఆస్ట్రేలియా పది దెబ్బల తేడాతో కప్ గెలిచింది. ఒకడు కుంగినప్పుడు రెండవవాడు ఎత్తి నిలిపాడు. ఇద్దరూ ఒకే రోజున గొప్పగా ఆడనవసరం లేదు. ఇద్దరూ ఒకే రోజున కూలిపోకుంటే చాలు.

గోల్ఫ్ ధనికుల ఆట అన్న అభిప్రాయం మన దేశంలో బలంగా ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా 2016 ప్రపంచ కప్‌లో భారత్ తరఫున చిక్కరంగప్పతో జోడీగా ఆడిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, కోల్‌కతా గోల్ఫ్ మైదానంలో పచ్చికను సంరక్షించే ఉద్యోగి కుమారుడు. తండ్రి నీళ్ళు పోసి పెంచిన పచ్చికపైనే అతడు చూసి చూసి ఆట నేర్చుకున్నాడు.

2018 పోటీలో బెల్జియం జోడీ గెలిచింది. ఆ తరువాత ప్రపంచ కప్‌కు అంతరాయం కలిగింది. కాని జోడీ ఆట ఇతర పోటీలలో కొనసాగుతూనే ఉంది. వాటిలో ప్రెసిడెంట్స్ కప్ ఒకటి. అమెరికా జట్టుకు, ఐరోపా మినహా మిగిలిన దేశాల జట్టుకు మధ్య అది జరుగుతుంది. 2024 సెప్టెంబరులో మాంట్రియల్‌లో, అంటే 1953లో జోడీల పోటీ పుట్టిన నగరంలోనే, జరిగిన ఆ పోటీలో అమెరికా జట్టు తరఫున ఒక తెలుగు యువకుడు ఆడాడు. అతడే సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు. అతడు 1997లో కాలిఫోర్నియాలో జన్మించాడు.

ఆ పోటీకి నెల రోజుల ముందు జరిగిన సంఘటన ఒకటి స్మరించదగినది. అట్లాంటాలో జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్ మూడవ రోజున సాహిత్ బంతి ఇసుక గుంటలో పడింది. దెబ్బ కొట్టడానికి కర్రను వెనుకకు తీసినప్పుడు అది ఇసుకను తాకి, కొన్ని రేణువులు కదిలినట్లు అతనికి అనిపించింది. నియమం ప్రకారం అది తప్పు. ఎవరూ వేలెత్తి చూపలేదు. అతడే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల శిక్షను స్వీకరించాడు. పోటీ ముగిసేసరికి అతడు మూడవ స్థానంలో నిలిచాడు. రెండవ స్థానానికి అతనికి ఉన్న దూరం సరిగా రెండు దెబ్బలే. ఆ రెండు స్థానాల బహుమతుల మధ్య తేడా 50 లక్షల డాలర్లు.

రెండవ స్థానం పొందినవాడు కాలిన్ మోరికావా. నెల తిరగకముందే మాంట్రియల్‌లో సాహిత్‌కు ఉద్దిగా నిలిచినవాడు కూడా అతడే. తొలిరోజు ఫోర్‌బాల్‌లో వారిద్దరూ ఆడమ్ స్కాట్, మిన్ వూ లీ జోడీని ఒక్క గుంట తేడాతో ఓడించారు. మరునాడు ఒకే బంతితో ఆడే ఫోర్సమ్స్‌లో స్కాట్, టేలర్ పెండ్రిత్ జోడీ చేతిలో ఓడిపోయారు. గెలుపును పంచుకున్నట్లే ఓటమినీ పంచుకున్నారు.

ఎవరూ చూడని ఇసుక రేణువు దగ్గర నిజం చెప్పినవాడిని ఉద్దిగా పొందినవాడు నిశ్చింతగా ఆడగలడు. 1936లో ముస్తాక్ అలీ మర్చంటుకు ఇచ్చినది కూడా ఆ నిశ్చింతనే. నైపుణ్యం ఒంటరిగా సాధించవచ్చు. విశ్వాసానికి మాత్రం ఇద్దరు కావాలి.

కఠిన పదాలకు అర్థాలు

ఉద్ది = ఆటలో జతగాడు, సమానుడు
వృత్తాంతం = జరిగిన సంగతి
సన్నగిల్లు = తగ్గిపోవు
ఏకాకి = ఒంటరివాడు
చిరస్మరణీయం = చాలాకాలం గుర్తుంచుకోదగినది
రేణువు = సన్నని కణం
నిశ్చింత = దిగులు లేకపోవడం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఫోర్‌బాల్, ఫోర్సమ్స్ పద్ధతుల మధ్య భేదాన్ని తెలిపి, రెండవ పద్ధతిలో ‘స్వభావం బయటపడుతుంది’ అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. జేసన్ డే, ఆడమ్ స్కాట్ ఒకరికొకరు ఏ విధంగా తోడ్పడ్డారు?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. మాంచెస్టర్ టెస్టులో ముస్తాక్ అలీ ప్రవర్తన ఎటువంటిది?
2. 1957 విజయం జపాన్ ప్రజలకు ఏమి ఇచ్చింది?
3. సాహిత్ తీగల తన తప్పును తానే చెప్పడం వల్ల కోల్పోయినదేమిటి, పొందినదేమిటి?

ఇ) ‘ఉద్ది’ అనే పదాన్ని ఉపయోగించి మీ ఊరి ఆటలను గురించి ఐదు వాక్యాలు వ్రాయండి.