చిన్నోడి చీటీలో మాటలు

చిన్నోడికి రెండేళ్లు నిండాయి. ఇంకా నిలబడలేడు. ఎత్తి నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి.

"గ్రహణం నాడు బయట తిరిగావు. అందుకే ఇట్లా పుట్టాడు" అంటుంది అత్త. తల్లి లోపల్లోపల కుమిలిపోతుంది.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరు చీటీ రాసిచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. తల్లి దాన్ని నర్సమ్మకు చూపింది. నర్సమ్మ ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసింది. తల్లి కూడబలుక్కుని చదివింది.

"సెరిబ్రల్ పాల్సీ. స్పాస్టిక్ డైప్లీజియా. అంటే ఏంటి నర్సమ్మా?"

నర్సమ్మ ఒక్కో మాటా విడమర్చి చెప్పింది.

సెరిబ్రల్ పాల్సీ: మెదడు ఎదిగే దశలో దెబ్బతింటే ఇది వస్తుంది. కడుపులో ఉన్నప్పుడు గానీ, కాన్పులో గానీ, పుట్టిన కొత్తలో గానీ ఆ దెబ్బ తగలవచ్చు. అప్పుడు కండరాలు మెదడు చెప్పినట్టు కదలవు. దీన్నే మస్తిష్క పక్షవాతం అంటారు.

స్పాస్టిక్: కండరాలు బిగుసుకుపోవడం.

డైప్లీజియా: బిగువు రెండు కాళ్లలో ఎక్కువగా ఉండడం.

హెమిప్లీజియా: ఒక పక్క చేయి, కాలు పట్టుతప్పడం.

క్వాడ్రిప్లీజియా: రెండు చేతులు, రెండు కాళ్లు పట్టుతప్పడం.

ఫిజియోథెరపీ: కండరాలు, కీళ్లు సాగేలా చేయించే వ్యాయామం.

"ఇది గ్రహణం వల్ల రాదు పెద్దమ్మా. కోడలి తప్పు కాదు. అంటుకునే జబ్బూ కాదు" అంది నర్సమ్మ అత్తతో. అత్త తల వంచుకుంది.

"రోజురోజుకీ ముదురుతుందా?" తల్లి గొంతు వణికింది.

"మెదడుకు తగిలిన దెబ్బ పెరగదమ్మా. పూర్తిగా నయం చేసే మందూ లేదు. వ్యాయామం మానేస్తే మాత్రం కండరాలు కురచబడతాయి. కీళ్లు వంకరపోతాయి. అందుకే రోజూ చేయించాలి."

"బుద్ధి ఎదగదా?"

"కొందరికి బుద్ధి ఎదుగుదల తక్కువ. అందరికీ కాదు. మాట రాని పిల్లకు కూడా తెలివి ఉండొచ్చు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వైకల్య ధ్రువపత్రం తీసుకో."

మర్నాడు అత్తే చిన్నోణ్ణి చంకనేసుకుంది. "పద, వ్యాయామం నేనూ నేర్చుకుంటా" అంది.

చదివారు కదా! చెప్పండి:
1. స్పాస్టిక్ అంటే ఏమిటి?
2. వ్యాయామం మానేస్తే ఏమవుతుంది?
3. మీ ఊళ్లో ఇలాంటి బిడ్డ ఉంటే తల్లికి ఏం చెబుతారు?