పార్కిన్సన్స్ వ్యాధి, అదనపు మాత్రలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తండ్రికి 62 ఏళ్లు, పార్కిన్సన్స్ అని తేలింది. అమెరికాలోని అన్నయ్య పంపిన కోఎంజైమ్ క్యూ10, క్రియాటిన్ మొదలుపెట్టాక వణుకు తగ్గిందంటున్నారు. కొనసాగించవచ్చా? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మధ్య మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం ఈ వ్యాధికి మూలం కాగా, ఆ కణాలలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా దెబ్బతింటున్నట్లు పరిశోధనల్లో కనిపించడంతో, శక్తి ఉత్పత్తికి తోడ్పడే ఈ రెండు పదార్థాల మీద శాస్త్రజ్ఞులకు నిజంగానే ఆశ కలిగింది. ఆ ఆశను పరీక్షకు పెట్టారు కూడా. రోజుకు 1,200 లేదా 2,400 మిల్లీగ్రాముల క్యూ10ను 600 మంది రోగులపై పరీక్షించగా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే మేలేమీ కనిపించలేదని 2014లో తేలింది. రోజుకు 10 గ్రాముల క్రియాటిన్‌ను 1,741 మందిపై ఏళ్ల తరబడి సాగించిన పరీక్షనూ ప్రయోజనం కనబడే అవకాశం లేదని 2013లో మధ్యలోనే ఆపివేశారు.

అలాగని వణుకు తగ్గిందన్న తండ్రి మాట అబద్ధం కాదు. ఉత్తుత్తి మందు ఇచ్చినప్పుడు, మేలు జరుగుతుందన్న ఎదురుచూపు వల్లనే పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమిన్ విడుదలవుతుందని కెనడా పరిశోధకులు 2001లో స్కానింగ్ ద్వారా చూపించారు. కొడుకు దూరదేశం నుంచి ఖరీదు పెట్టి పంపిన సీసా మీద ఆ ఎదురుచూపు మరింత బలంగా ఉండడంలో వింత లేదు. పైగా ఈ వణుకు ఆందోళనను బట్టి, నిద్రను బట్టి ఏ రోజుకారోజు హెచ్చుతగ్గులవుతుంది. కనుక మరే జబ్బులోనైనా ‘వాడి చూశాం, గుణం కనిపించింది’ అన్న మాటకు కొంత విలువ ఉండవచ్చు గాని, ఈ జబ్బులో కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ వైద్యునికీ తెలియకుండా జరిపిన పరీక్ష తప్ప మరొకటి సాక్ష్యం కాదు. సీసాలు ఆపినందువల్ల నష్టం లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారైతే క్యూ10 ఆ మందు ప్రభావాన్ని తగ్గించే అవకాశం ఉన్నందున వైద్యునికి తప్పక చెప్పాలి.

ప్రశ్న: విటమిన్-ఇ పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదని 800 మందిపై జరిగిన డేటాటాప్ పరీక్ష 1993 నాటికే తేల్చింది.

ప్రశ్న: ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మందు కొన్నేళ్లే పనిచేస్తుందని విని, దాన్ని తర్వాతికి దాచుకుని దూలగొండి పొడి వాడడం మంచిది కాదా? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: దూలగొండి గింజలో ఉన్నది లెవోడోపాయే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దానిని వేరుచేశారు. అంటే పొడి తినేవారు మందును దాచుకోవడం లేదు, కొలత లేకుండా వాడుతున్నారు. వైద్యులు రాసే సిండోపా 110 మాత్రలో 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉన్నాయని అట్ట మీదే ఉంటుంది. చెంచాడు పొడిలో ఎంత ఉందో గింజను బట్టి, చెంచా తలకొట్టి తీశారా, గోపురంగా తీశారా అన్నదాన్ని బట్టి మారుతుంది. లెవోడోపా మెదడును చేరకముందే డోపమిన్‌గా మారి వాంతులు తెప్పించకుండా అడ్డుకునే కార్బిడోపా పొడిలో ఉండదు. వైద్యునికి చెప్పకుండా మాత్రా, పొడీ రెండూ వాడేవారిలో కాళ్లూ చేతులూ వాటంతటవే మెలితిరగడం, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం జరగవచ్చు.

ఇక దాచుకోవడం సంగతి. నెదర్లాండ్స్‌లో 445 మందిలో కొందరికి లెవోడోపా వెంటనే, మిగిలినవారికి 40 వారాలు ఆలస్యంగా ఇచ్చి 80 వారాలకు పోల్చి చూడగా రెండు వర్గాల మధ్య తేడా లేదని 2019లో వెల్లడైంది. అంటే మందు జబ్బును ఆపనూ లేదు, ముందుగా వాడినవారికి చెరుపు చేయనూ లేదు. గుండీ పెట్టుకోలేక, సంతకం చేయలేక అవస్థపడుతూ మందు వాయిదా వేసుకున్నవారు ఆ నెలలను ఊరికే పోగొట్టుకుంటున్నారు. మాంసకృత్తులు లెవోడోపాకు పోటీ వస్తాయి కనుక మాత్రను పప్పూ పెరుగూ ఉన్న భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోవడం మీద పెట్టవలసిన శ్రద్ధను చాలా ఇళ్లలో పొడుల మీద పెడుతున్నారు.

ప్రశ్న: మధుమేహపు ఇంజెక్షన్లు ఈ జబ్బును ఆపుతాయట, నిజమేనా?

జవాబు: వాటిలో ఒకటైన ఎక్సెనటైడ్ మీద 2017లో జరిగిన చిన్న పరీక్ష ఆశ కలిగించింది గాని, 194 మందితో 96 వారాలు నడిచిన పెద్ద పరీక్షలో ఫలితం లేదని 2025లో ప్రకటించారు. అదే జాతికి చెందిన లిక్సిసెనటైడ్ ఫ్రాన్స్‌లో 156 మందిపై కొద్దిపాటి మేలు చూపినట్లు 2024లో వెలువడింది. దానితో వికారం, వాంతులు ఎక్కువ. మధుమేహం లేనివారు, ముఖ్యంగా జబ్బు వల్ల ఇప్పటికే బరువు తగ్గుతున్నవారు, వీటిని సొంతంగా కొనరాదు.

ప్రశ్న: తల్లికి ఉంది. పిల్లలకు రాకుండా ఏ మాత్ర వేయాలి? కాఫీ మంచిదంటారు.

జవాబు: నివారణ మాత్ర ఏదీ లేదు. కాఫీ తాగేవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుందన్నది నిజమే అయినా, జబ్బు వచ్చినవారికి కెఫీన్ ఇచ్చిన పరీక్షలో కదలికలు మెరుగుపడలేదు. అలవాటున్నవారు తాగవచ్చు, లేనివారు మందుగా భావించి మొదలుపెట్టనక్కరలేదు.