ఘాట్ రోడ్డులో ఏఐ ఎందుకు మూగబోతుంది?

విశాఖపట్నం నుంచి విజయనగరం, సాలూరు, కొరాపుట్, జయపురం, కోట్‌పాడ్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని నగర్‌నార్‌కు 300 కిలోమీటర్లకు అటూ ఇటూగా ప్రయాణం. అక్కడి ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారంలో పనిచేసే కొడుకును చూడడానికి డెబ్బై ఏళ్ల దంపతులు కారులో బయల్దేరారనుకుందాం. దారి చెప్పడానికి, మాత్రల వేళ గుర్తుచేయడానికి, కబుర్లకు ఫోన్‌లో ఏఐ అసిస్టెంట్ ఉంది.

సాలూరు దాటి కొండ ఎక్కుతుంటే సిగ్నల్ పోయింది. మ్యాప్ మీద నీలం చుక్క కదులుతూనే ఉంది, అసిస్టెంట్ మాత్రం పలకదు. చుక్కకు ఇంటర్నెట్‌తో పనిలేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ కేవలం వింటుంది; కనీసం నాలుగింటి సంకేతాలు అందితే తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. అసిస్టెంట్ సంగతి వేరు. సాధారణంగా మన ప్రశ్న ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కు వెళ్లి, జవాబు అక్కడ తయారై తిరిగి రావాలి. అందుకే ఆ దారి మ్యాప్‌ను ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మాత్రల వేళలకు ఫోన్‌లోని మామూలు అలారం పెట్టుకుంటే చాలు, దానికి సిగ్నల్ అక్కర్లేదు.

సిగ్నల్ ఉన్నా మరో చిక్కు ఉంది. మాట్లాడేవారు కాసేపు ఆగితే ప్రశ్న అయిపోయిందని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. పెద్దవాళ్లు ఊరి పేరు గుర్తుకు తెచ్చుకుంటూ ఆగుతారు. ఈలోగా అది సగం ప్రశ్నకే జవాబు మొదలుపెడుతుంది. తప్పు వారిది కాదు, ఎంతసేపు ఆగితే మాట ముగిసినట్టో నిర్ణయించినవారిది. బటన్ నొక్కి ఉంచి మాట్లాడే వీలుంటే అదే మేలు. వయసుతో ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాల వినికిడి. అందువల్ల స, శ, త వంటి హల్లులు కారు హోరులో కలిసిపోతాయి. జవాబును తెరపై పెద్ద అక్షరాల్లో పెట్టుకుని పక్క సీట్లోవారు చదవాలి. స్టీరింగ్ పట్టుకున్నవారు దానితో సంభాషణ పెట్టుకోకూడదు. చేతులు ఖాళీగా ఉన్నా ధ్యాస చెదురుతుంది.

ఇక జవాబు నిజమేనా? భాషా నమూనా తాను నేర్చిన వాక్యాల పోకడను బట్టి తర్వాతి మాటను అంచనా వేస్తుంది. ఘాట్ దిగాక మంచి హోటల్ ఏదంటే, లేని హోటల్ పేరు కూడా తడుముకోకుండా చెప్పగలదు. పెట్రోల్ బంకు విషయంలో ఇది విసుగుతో పోతుంది. మధ్యాహ్నం మరిచిన బీపీ మాత్ర ఇప్పుడు రెండూ కలిపి వేసుకోవచ్చా అన్న ప్రశ్నకు అలా కాదు. అది బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయాలి. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, అక్కడ మరో కంపెనీ నెట్‌వర్క్ ఉంటే ఆ కాల్ వెళ్లే అవకాశం ఉంది.

కోట్‌పాడ్ దాటాక భాష మారుతుంది. బస్తర్ పల్లెల్లో హల్బీ, భత్రీ, గోండి వినిపిస్తాయి. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లో మొదట చేరిన నాలుగు భాషల్లో గోండి ఉంది, హల్బీ లేదు. ఊళ్లో దారి అడగాల్సి వస్తే అసిస్టెంట్ చేత హిందీలో అడిగించడమే తేలిక.