తల ఊపితే అమ్మమ్మకు వినబడదు

ప్రశ్న: మా అబ్బాయికి మూడున్నర యేండ్లు. ఫోనులో అమ్మమ్మ “అన్నం తిన్నావా?” అని అడిగితే పలకకుండా తల ఊపి ఊరుకుంటాడు. ఆమెకు కనబడదని ఎంత చెప్పినా మళ్లీ అంతే. బుద్ధిమాంద్యమేమోనని దిగులుగా ఉంది.
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, దిగులు పడవలదు. ఎదుటివారు చూచునదియు ఎఱిగినదియు తనకంటె వేరుగా నుండవచ్చునను మాటను ఈ వయసు పిల్లలు పెక్కురు ఎల్లప్పుడును మనస్సున నిలుపుకొనలేరు. 1983లో విమ్మర్, పెర్నర్ అను పరిశోధకులు పిల్లలకొక కథ చెప్పిరి: బాలుడొకడు చాక్లెట్టును ఒక అలమారలో దాచి ఆటకు పోగా, తల్లి దానిని వేరొక అలమారలోనికి మార్చినది, వాడు తిరిగివచ్చి ఎక్కడ వెదకును? నాలుగేండ్లు నిండనివారు క్రొత్త చోటునే చూపిరి. అంతకు పెద్దవారిలో పెక్కురు పాత చోటు చూపిరి. మీ బాబు ఆ గడపకు ఇంకను ఇవతలనే యున్నాడు, అంతియే.

కసరక, “అమ్మమ్మకు నీ తల కనబడదు నాన్నా, నోటితో చెప్పు” అనుడు. కోతి, మొసలి కథ చెప్పుచు, కోతి తన గుండెను చెట్టుమీద మరచివచ్చితిననగానే ఆగి, “మొసలి ఏమనుకొన్నది? దానికి నిజము తెలియునా?” అని అడుగుడు, తప్పు చెప్పినను నవ్వవలదు. అనుకొనుట, తెలియుట, మరచుట అను మాటలు ఇంట నిత్యము వినబడుటయే ఇందులకు మేలైన పాఠమని నా నమ్మకము.

అయితే, పేరు పెట్టి పిలిచినను పలుకకున్నను, కావలసినదానిని వ్రేలితో చూపకున్నను, వచ్చిన మాటలు పోవుచున్నను జాగు చేయక పిల్లల వైద్యునికి చూపి, వినికిడి పరీక్షయు చేయింపుడు.