తనను తాను రాసుకునే ఆదేశం

కంప్యూటర్ అనగానే ఏ లెక్కయినా చిటికెలో చేసే యంత్రమనుకుంటాం. కాని 1965లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మకానికి పెట్టిన పీడీపీ-8 అనే మినీ కంప్యూటర్‌కు తీసివేత కూడా రాదు! వర్డుకు 12 బిట్లు, మామూలుగా 4,096 వర్డుల మెమరీ, ఎనిమిదే ఎనిమిది రకాల ఆదేశాలు. తీసివేయాలంటే సంఖ్యను ఋణసంఖ్యగా మార్చి కూడుకోవాలి.

మరి ఇంత పేద యంత్రంతో పనెలా జరిగింది? ప్రోగ్రామర్ల గడుసుదనం వల్ల. ఆ ఎనిమిదింటిలో 'ఆపరేట్' అనే ఆదేశంలో ఒక్కో బిట్టుకు ఒక్కో చిన్న పని. కావలసిన బిట్లు కలిపి రాస్తే ఆ పనులన్నీ వరసగా ఒకే ఆదేశంలో అయిపోతాయి.

ఉదాహరణకు అక్యుములేటర్‌లో -2 కావాలనుకోండి. దాన్ని మెమరీలో దాచిపెడితే ఒక వర్డు దండుగ. ఆక్టల్‌లో 7344 అని రాస్తే చాలు. అక్యుములేటరూ, దాని పక్కనుండే లింకు బిట్టూ సున్న అవుతాయి. తరువాత అక్యుములేటర్ బిట్లన్నీ తిరగబడి 7777 వస్తుంది. చివరకు లింకుతో కలిపి ఒక గడి ఎడమకు తిప్పితే, లింకులోని 0 కుడి కొసకు చేరి 7776 అవుతుంది. దీనికి 2 కలిపి, బయటికి పొంగిన అంకెను వదిలేస్తే సున్న. కనుక ఇదే -2.

ఇంకొకటి మరీ చిత్రం. 1970లో వచ్చిన 16 బిట్ల పీడీపీ-11లో, తరువాతి ఆదేశం ఎక్కడుందో చూపే ప్రోగ్రామ్ కౌంటర్ (పీసీ) కూడా మామూలు రిజిస్టరే. దాని నంబరు 7. ఇప్పుడు 014747 అనే ఆదేశం చూడండి. 01 అంటే కాపీ చెయ్యి. 47 అంటే పీసీని రెండు తగ్గించి, అది చూపే చోటును వాడు.

ఇది 1000లో ఉందనుకుందాం. చదవగానే పీసీ 1002 అవుతుంది. మొదటి 47 దాన్ని 1000కి దించి అక్కడున్నది తీసుకుంటుంది, అంటే తననే! రెండో 47 పీసీని 776కు దించి (ఆక్టల్ కదా!) అక్కడ తనను రాసుకుంటుంది. తరువాతి ఆదేశం 776లో. అదీ ఇదే! ఇలా వెనక్కి నడుస్తూ దారిలో ఉన్నదంతా చెరిపేస్తుంది.

నవ్వొచ్చినా పాఠం పెద్దది: మెమరీలో ఆదేశమూ, దత్తాంశమూ ఒకే రకం అంకెలు. తేడా మనం వాడే తీరులోనే. పీడీపీ-8లో సబ్రొటీన్‌ను పిలిస్తే, తిరిగి రావలసిన చిరునామా ఆ సబ్రొటీన్ మొదటి వర్డులోనే రాయబడుతుంది. చౌక ఉపాయమే. కాని అది తనను తానే పిలుచుకుంటే పాత చిరునామా చెరిగిపోయి, వెనక్కి దారే ఉండదు. పొదుపుకూ ఖరీదు ఉంటుందన్నమాట.

మన హైదరాబాదు ఈసీఐఎల్ కూడా 12 బిట్ల టీడీసీ-12, 16 బిట్ల టీడీసీ-316 తయారుచేసింది. ఆ యంత్రాలు పోయినా, ఈ లెక్కలకు పెన్సిలూ కాగితమూ చాలు. 7346లో చివరి 6 అంటే రెండు గడులు తిప్పమని. ఏమొస్తుందో చేసి చూడండి. 7775, అంటే -3 వస్తే మీకు అసెంబ్లీ వచ్చినట్టే!