కనిపించని సూత్రధారి – రియాలిటీ షో నిర్మాత వృత్తిపై ఒక పరిశీలన

నాటకానికి సూత్రధారి ఎంతటివాడో టెలివిజన్ ప్రదర్శనకు నిర్మాత అంతటివాడు. అయితే ఒక భేదమున్నది. మన ప్రాంతంలోని కూచిపూడివారు భామాకలాపం ఆడేటప్పుడు సూత్రధారి రంగస్థలం మీదనే నిలిచి, మాధవి పాత్రను తానే వహించి, సత్యభామను ప్రశ్నిస్తూ ప్రేక్షకుల ఎదుటనే కథ నడుపుతాడు. టెలివిజన్ నిర్మాత కనిపించడు. ఆయన పేరు చివరి అక్షరాలలో ఒక క్షణం మెరిసి మాయమవుతుంది. రియాలిటీ షోలో ఈ మరుగే ప్రధానమని మా అభిప్రాయము. అక్కడ జరిగేది కథ కాదు, యథార్థము అని ప్రేక్షకుడు నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని తయారుచేసేవాడే నిర్మాత.

కొందరిని ఒక ఇంట నిర్బంధించి, కెమెరాల ముందు వారి జీవితాన్నే ప్రదర్శనగా చూపిన బిగ్ బ్రదర్ 1999లో నెదర్లాండ్స్ దేశంలో ప్రారంభమైనది. దాని రూపకర్త జాన్ డి మోల్. ఆ ప్రక్రియ 2017లో బిగ్ బాస్ పేరుతో తెలుగులోనికి వచ్చినది. కాని సామాన్యులను తెరపై నిలిపే పోటీలు మనకు అంతకు ముందే ఉన్నవి. గుడివాడ ప్రాంతపు పెదపారుపూడిలో 1936లో జన్మించిన రామోజీరావు 1995 ఆగస్టులో ఈటీవీని నెలకొల్పగా, మరుసటి యేడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో ‘పాడుతా తీయగా’ మొదలైనది. ఆయన పిల్లల శ్రుతిని, ఉచ్చారణను లోకమంతా చూస్తుండగనే సవరించేవారు. అయినా ఏ బిడ్డా చిన్నబుచ్చుకొన్నట్లు కనిపించేది కాదు. భాష బోధించే మాబోటివారికి ఇది అసూయ కలిగించే విద్య.

ఈ రంగంలో అధ్యయనం చేయదగిన వృత్తిజీవితం మల్లెమాల ఎంటర్‌టైన్‌మెంట్స్ అధిపతి ఎం. శ్యాంప్రసాద్ రెడ్డిది. ఆయన తండ్రి ఎం.ఎస్. రెడ్డి కవి, చిత్రనిర్మాత. ‘మల్లెమాల’ ఆయన కలంపేరు. కుమారుడు తలంబ్రాలు, ఆహుతి, అంకుశం వంటి చిత్రాలను కోడి రామకృష్ణ దర్శకత్వంలో నిర్మించి, 1995లో అమ్మోరు ద్వారా కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడైనాడు. ఏళ్ల తరబడి శ్రమించి తీసిన అంజి 2004లో విడుదలై ఖర్చుకు తగిన ఫలితమివ్వలేదు. 2009లో అరుంధతి ఘనవిజయం పొందినది. ఆ సంవత్సరమే ఈటీవీలో ఆయన సంస్థవారి నృత్యపోటీ ‘ఢీ’ ఆరంభమగుట గమనార్హము. సినిమా నిర్మాత ఏళ్ల శ్రమను ఒక్క శుక్రవారానికి ఒప్పజెప్పుతాడు. టెలివిజన్ నిర్మాతకు ప్రతి వారమూ పరీక్షయే. కాని ఈ వారం తప్పినా వచ్చే వారమున్నది.

ఆయన పని ఏమిటి? పోటీదారులను ఎన్నుకొనుట, న్యాయనిర్ణేతలను, వ్యాఖ్యాతను కుదుర్చుట, సెట్టు వేయించుట, చానలువారితో ఖర్చు తేల్చుకొనుట – ఇవి పైకి తెలిసినవి. అసలు పని ఎడిటింగు గదిలో ఉన్నది. అనేక కెమెరాలు గంటల కొలది పట్టిన దానిలో ఏది ఉంచవలె, ఏది తీసివేయవలె? ఒకరి కన్నీటి పక్కన ఎవరి ముఖం చూపవలె? అక్కడ ఒక కత్తిరింపుతో వినయశీలి గర్విష్ఠి కాగలడు.

2013 ఫిబ్రవరిలో ఆ సంస్థయే హాస్యపోటీగా ‘జబర్దస్త్’ను ఆరంభించినది. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే చదివే మన విద్యార్థులకు ఈ పేరు రుచించగలదు. పారసీలో ‘జబర్’ అనగా పైన, ‘దస్త్’ అనగా చేయి. ఉర్దూలో ‘భేష్, బలమైనది’ అనే అర్థంలో వాడగా, తెలుగులో ‘జబర్దస్తీ’ దౌర్జన్యమైనది. కాని మన ‘పైచేయి’ అనే మాట పారసీ పదానికి అచ్చమైన ప్రతిబింబము. ఇంతకూ ఈ ప్రదర్శనలలో పైచేయి ఎవరిది? మార్కులు వేసేవారిదా, నవ్వించేవారిదా? కత్తిరింపు ఎవరి చేతనున్నదో వారిదే అని మేము అనుకొంటున్నాము.

ఆ ప్రదర్శన పేరులేని కళాకారులకు జీవిక కల్పించినది. అందులో నవ్వించిన వేణు యెల్దండి 2023లో ‘బలగం’ వంటి చిత్రానికి దర్శకుడైనాడు. ద్వంద్వార్థాల హాస్యమని, స్త్రీలను కించపరచుచున్నదని విమర్శలూ వచ్చినవి. ఆ విమర్శలో న్యాయమున్నది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం కట్టినప్పుడు ఆయన పురుషుడన్న సంగతిని జనం మరచేవారు; ఇక్కడ ఆడవేషం పలుమార్లు వెక్కిరింతకు పనిముట్టు. ఏ నవ్వును ఉంచవలెనో నిర్ణయించేది నిర్మాతయే గనుక ఇందుకు నటుని ఒక్కనినే నిందించుట తగదు.

ఈ వృత్తి కోరేవారికి లెక్కలు తెలియవలె, మనుషులను చదవడం రావలె, భాష తెలియవలె. ఇక పోటీదారులుగా వెళ్లదలచినవారికి ఒక సంగతి. చిత్రీకరణకు ముందు వారిచేత ఒక ఒప్పందపత్రం మీద సంతకం చేయించుకొంటారు. తమ మాటలను, దృశ్యాలను ఎట్లు కూర్చుకొన్నా అభ్యంతరం లేదనే షరతు అందులో సాధారణము. అది తరచుగా ఆంగ్లంలో ఉంటుంది. సంతకానికి ముందు మన ఆంగ్లశాఖ అధ్యాపకులచేత దానిని చదివించుకొనడానికి ఎవరూ మొగమాటపడనక్కరలేదు.