సి.ఆర్. రావు జీవితంలో దొరికే లెక్క: మనవరాలికి లేఖ

మహామేధావుల చరిత్రలు చదివితే లెక్కలు రాకపోగా దిగులు పుడుతోందని నల్లజర్ల నుంచి మనవరాలు రాసిన మాటలో సగం నిజముంది. తక్కిన సగం చదివిన తీరులోని లోపం. సంఖ్యాశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చాయని ఆమె కాగితంలో వరుస తప్పకుండా ఉంది గాని, ఒక్క లెక్కయినా లేదు. సన్మానపత్రం బట్టీపట్టి గణితం రాలేదని వాపోవడం చిరంజీవి తెలివికి తగని పని.

1920లో పుట్టిన రావు చిన్ననాటి చదువు గూడూరు, నూజివీడు, నందిగామలలో సాగింది. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి దీపం వెలిగించేదని ఆయనే తన పుస్తకం అంకితంలో చెప్పుకున్నారు. ఆ దీపం పేరు చెప్పి పిల్లల నిద్ర చెడగొట్టే పెద్దలకు, ఆ వెలుగులో ఆ పిల్లవాడు చేసిన లెక్కేమిటన్న ఆలోచన మాత్రం రాదు.

చదవవలసిన ఘట్టం 1944 నాటిది. కలకత్తా విశ్వవిద్యాలయంలో రావు పాఠం చెబుతూ, నమూనా ఎంతో పెద్దదైనప్పుడు అంచనాలోని తప్పు ఒక హద్దుకు దిగువకు పోదన్న సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ ఫలితాన్ని వివరిస్తుండగా, తరువాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరుపొందిన దండేకర్ అనే విద్యార్థి, చిన్న నమూనాకు అలాంటి హద్దు ఉండదా అని అడిగాడు. వెంటనే జవాబు తోచని ఆ ఇరవై నాలుగేళ్ల అధ్యాపకుడు ఆ రాత్రే కూర్చుని దాన్ని సాధించాడు. 1945లో అచ్చయిన ఆ ఫలితానికి, స్వీడన్‌లో విడిగా అదే కనుగొన్న క్రామెర్ పేరు కూడా కలిపి క్రామెర్–రావు అవధి అంటారు.

దాని అర్థం కొల్లేరు చేపల చెరువు గట్టున తేలిగ్గా బోధపడుతుంది. మేత లెక్కగట్టేందుకు రైతు వల విసిరి, పడ్డ చేపలను తూచి, చెరువంతటి సగటు బరువును అంచనా వేస్తాడు. ఒక్కో చేప బరువు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉందో తెలిపే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. అది 200 గ్రాములనుకుంటే, 25 చేపల సగటులో ఉండే విచలనం, 200ను 25 వర్గమూలమైన 5తో భాగించగా, 40 గ్రాములు. బరువులు గంట ఆకారపు సామాన్య విభాజనంలో ఉన్నప్పుడు, ఎంత తెలివైన సూత్రం వాడినా, అది నిష్పాక్షికమైనదైతే, అంటే ఎక్కువవైపో తక్కువవైపో మొగ్గనిదైతే, ఆ 25 చేపలతో 40కి దిగువకు పోలేదని రావు అవధి తేలుస్తుంది. తప్పు సగానికి తగ్గాలంటే రెండింతలు తూస్తే చాలదు, నాలుగింతలు, అంటే 100 చేపలు తూచాలి. వల కన్నులు పెద్దవై చిన్న చేపలు జారిపోతే అంచనా నిష్పాక్షికం కాదు గనుక ఈ అవధి దానికి వర్తించదు.

వచ్చే ఉత్తరంలో పతకాల జాబితా అక్కరలేదు. తప్పు 10 గ్రాములకు దిగాలంటే ఎన్ని చేపలు తూచాలో, అంత శ్రమ రైతుకు గిట్టుబాటవుతుందో కాదో మనవరాలు రాసి పంపాలి.